వేళ్లను తిను రెండు చిన్న పురుగులు

మొక్కకు వ్యాధి కలిగినపుడు మన చూపు మొదట ఆకుమీదికే పోవును. ఆకు పసుపువన్నెకు తిరిగినను, ముడుచుకొనినను, ఎండి రాలినను, దోషము ఆకులోనే యున్నదని తలంచి ఆకునకే చికిత్స చేయ బూనుదుము. కాని పెక్కుమారులు ఆకు వార్తను తెచ్చు బంటు మాత్రమే. శత్రువు నేలలో దాగి, కోటకు పునాది వంటి వేరును కొఱుకుచుండును. కంటికి కనబడని చోట జరుగు పని గనుక, దాని సంగతి మనకు తెలియునప్పటికి పైరు చేయి దాటిపోవును.

ఇట్టి గుప్తశత్రువులలో రెండింటిని ఈ వ్యాసమున పక్కపక్కన నుంచి పరిశీలింప దలచితిమి. ఒకటి ద్రాక్షతీగ వేళ్లను పీల్చు పేను. దీనిని శాస్త్రజ్ఞులు ఫిలాక్సెరా యందురు. రెండవది వరి వేళ్లను కొఱికి తిను నీటి ముక్కుపురుగు. రెండును మిక్కిలి చిన్నవి. రెండును అమెరికాలో పుట్టినవి. రెండును మనుష్యుల రాకపోకలతో సముద్రములు దాటి పరదేశములలో ప్రవేశించినవి. రెండును మగవాని తోడు లేకయే సంతతిని పెంచుకొనగలవు. ఇన్ని పోలికలుండియు, ఒకదానిని చంపు ఉపాయము రెండవదానికి మేలు చేయును. ఏలయనగా, ఒకటి గాలియాడు మెట్టనేలలోను, మఱియొకటి నీరు నిలిచిన బురదలోను నివసించును. శత్రువు పేరు తెలిసికొన్నంత మాత్రమున చాలదనియు, అది బ్రతుకు చోటును బ్రతుకు విధమును ఎఱిగినప్పుడే నివారణోపాయము దొరకుననియు ఈ రెండు పురుగుల చరిత్ర మనకు బోధించుచున్నది.

1. వేరునకు గాలి కావలెను

పురుగుల సంగతి చెప్పుటకు ముందు వేరును గూర్చి కొంత చెప్పవలసియున్నది. వేరు మొక్కను నేలలో నిలువబెట్టును. నీటిని, అందు కరగిన లవణములను పీల్చి పైకి పంపును. ఈ రెండు పనులును విద్యార్థు లందఱెఱిగినవే. కాని వేరు కూడ ఊపిరి పీల్చుననుట పలువురు మఱచెదరు. మెట్టనేలలో మట్టిరేణువుల నడుమ సన్నని సందులుండును. ఆ సందులలో గాలి నిలిచియుండును. వేరు ఆ గాలిని గ్రహించి జీవించును. కంది చేనిలోగాని, మిరపతోటలోగాని వాననీరు దినములకొలది నిలిచినచో, ఆ సందులన్నియు నీటితో నిండి, వేళ్లు ఊపిరాడక క్రుళ్లి, మొక్కలు వడలిపోవుట మన రైతులు ప్రతి సంవత్సరము చూచుచునే యున్నారు.

అట్లయినచో వరి నెలల తరబడి నీటిలో నిలిచి ఎట్లు పెరుగుచున్నది? నీరు నిలిచిన బురదలో ఆమ్లజని శీఘ్రముగ నశించును. అందుచేత వరి తన వేళ్లకు కావలసిన గాలిని మట్టినుండి ఆశింపక, ఆకులనుండియే క్రిందికి దింపుకొనును. దాని ఆకులలోను, కాండములోను, వేళ్లలోను సన్నని గాలి దారులు కలవు. ఒక వరివేరును పదునైన చాకుతో అడ్డముగ కోసి భూతద్దముతో చూచినచో, లోపల గుల్లగా నుండుట కనబడును. ఆ గుల్లలే వరికి ప్రాణనాళములు. ఈ సంగతిని జ్ఞాపకమునం దుంచుకొనినచో, తరువాత చెప్పబోవు విషయము సులభముగ బోధపడును.

2. ద్రాక్ష వేరుపేను

ఫిలాక్సెరా యను మాట గ్రీకు భాషనుండి పుట్టినది. ఎండిన ఆకు అని దాని యర్థము. వేరుమీద నుండు పేను సుమారు ఒక మిల్లీమీటరు పొడవు గలది, అనగా ఆవగింజకంటెను చిన్నది. వన్నె పసుపు, పెద్దదైన పిమ్మట కొంచెము గోధుమరంగునకు తిరుగును. దీనికి నమలు దౌడలు లేవు. సూదివంటి సన్నని ముక్కు కలదు. దానిని వేరులో గ్రుచ్చి రసమును పీల్చును. ఇది మన చిక్కుడు తీగలపై కనబడు పేనుబంకకు దగ్గఱి చుట్టము.

పేను కుట్టిన చోట లేతవేరు ఉబ్బి, కొక్కెమువలె వంగి, కొన యెదుగుట మాని చచ్చిపోవును. ముదురువేరుపై కుట్టినచో గడ్డవలె బుడిపెలు లేచి, అవి పగిలి, ఆ గాయములగుండ శిలీంధ్రములు చొచ్చి వేరు క్రుళ్లిపోవును. తీగను చంపునది పీల్చబడిన రసముకంటె ఈ క్రుళ్లే యని చెప్పవచ్చును. వేసవి నెలలలో ఆడపేలు మగవాని సంపర్కము లేకయే గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్కటి నూటికి పైగా పెట్టగలదు. సంవత్సరమునకు పలుతరములు గడచును. కొన్నింటికి ఱెక్కలు మొలిచి నేలపైకి వచ్చి ఇతర స్థలములకు పోవును.

ఈ పురుగు అమెరికా దేశపు అడవి ద్రాక్షలపై అనాదిగా జీవించుచుండెను. న్యూయార్కు రాష్ట్రమున ఆసా ఫిచ్ అను కీటకశాస్త్రజ్ఞుడు 1850 దశకమున ద్రాక్ష ఆకులమీది బుడిపెలలో దీనిని చూచి వర్ణించెను. అచటి తీగలకు దీనివలన పెద్ద కీడు లేదు. అవి దీర్ఘకాలము దీనితో కలిసి పెరిగినవి; పేను కుట్టిన వెంటనే గాయము చుట్టును బెండువంటి పొరను కట్టి, క్రుళ్లు లోనికి పోకుండ అడ్డగించును. ఐరోపాఖండపు ద్రాక్షకు అట్టి అభ్యాసము లేదు.

పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలమున అమెరికా ద్రాక్షమొక్కలు వేళ్లతోసహా ఓడలలో ఐరోపాకు తేబడుచుండెను. ఆవిరియోడలు వచ్చి ప్రయాణకాలము తగ్గుటచేత, వేళ్లను పట్టుకొనిన పురుగులును ప్రాణములతో దిగినవని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. 1863 ప్రాంతమున ఫ్రాన్సు దక్షిణభాగమున, రోన్ నది సమీపమున, పూజో అను గ్రామమునందలి తోటలలో ఆకులు అకాలముగ పసుపువాఱి, ఎఱ్ఱబడి, రాలిపోసాగినవి. మఱుసటి యేట ఆ తీగలు చచ్చెను. వాని చుట్టుపక్కలవి పాలిపోయెను. గుడ్డమీద నూనెబొట్టు ప్రాకినట్లు ఆ తెగులు నలుదెసల వ్యాపించెను.

రైతులు చచ్చిన తీగలను పెకలించి చూచిరి. వేళ్లు నల్లబడి క్రుళ్లియుండెను. పురుగు మాత్రము కనబడలేదు. కొందఱు వాతావరణమే కారణమనిరి; కొందఱు నేల సారము చచ్చినదనిరి. 1868 సంవత్సరము జూలై 15వ తేదీన మాంపెల్యే నగరపు వ్యవసాయ సంఘమువారు పంపిన ముగ్గురు, ప్లాంషాన్, బజీల్, సాహ్యూ అనువారు, సేంట్ రెమీ ప్రాంతపు తోటలను పరీక్షించిరి. వారు చచ్చిన తీగను మాత్రమే చూచి ఊరకుండక, దాని చెంత ఇంకను పచ్చగానున్న తీగను త్రవ్వించిరి. భూతద్దముతో చూడగా, దాని వేళ్లనిండ పసుపుపచ్చని చిన్న పురుగులు కిక్కిరిసి యుండెను. చచ్చిన వేరులో ఆహారము లేదు గనుక పేలు దానిని విడిచి సజీవమైన వేరునకు పోవుచుండెనని అప్పుడు తేలినది. దొంగ పోయిన యింటిలో దొంగను వెదకుటయే అంతవఱకు జరిగిన పని.

అయినను వివాదము వెంటనే ముగియలేదు. తీగ బలహీనమగుటచేతనే పురుగు వచ్చినదిగాని, పురుగుచేత తీగ బలహీనము కాలేదని పలువురు పండితులు వాదించిరి. అమెరికాలో మిస్సౌరీ రాష్ట్రపు కీటకశాస్త్రజ్ఞుడైన చార్లెస్ వాలెంటైన్ రైలీ, ఫ్రాన్సులో వేరుమీద నున్న పురుగును, ఫిచ్ వర్ణించిన ఆకుమీది పురుగును ఒక్కటే యని నిరూపించుటకు తోడ్పడెను. ప్లాంషాన్ 1873లో స్వయముగ అమెరికాకు పోయి అచటి తీగలను పరీక్షించెను.

ఇంతలో దేశమునకు కలిగిన నష్టము అపారము. ఫ్రాన్సులో ద్రాక్షారసపు ఉత్పత్తి 1875లో సుమారు 8 కోట్ల 40 లక్షల హెక్టోలీటర్లుండగా, 1889 నాటికి సుమారు 2 కోట్ల 30 లక్షలకు పడిపోయెను. తరతరములుగ తోటలపై బ్రతికిన కుటుంబములు ఊళ్లు విడిచి పట్టణములకును, అల్జీరియాకును వలసపోయినవి. ఆవగింజలో సగమైనను లేని పురుగు చేసిన పని ఇది.

3. వరి నీటి ముక్కుపురుగు

ఇపుడు మెట్టనుండి మాగాణికి దిగుదము. మన యిండ్లలో నిలువయుంచిన బియ్యమునకు పట్టు ముక్కుపురుగును ఎఱుగనివారుండరు. దాని ముఖము ముందునకు సాగి తొండమువలె నుండును. వరి నీటి ముక్కుపురుగు ఆ వంశమునకు చేరినదే. కాని గాదెను విడిచి చెఱువును ఆశ్రయించినది. పెద్ద పురుగు సుమారు 3 మిల్లీమీటర్ల పొడవుండును, అనగా బియ్యపుగింజలో సగము. వన్నె బూడిదరంగు కలిసిన గోధుమరంగు. వీపుమీద నల్లని మచ్చ కలదు. ఇది ఈదగలదు, ఎగురగలదు, నీటిలో మునిగి నడువగలదు.

దీని జన్మస్థానము కూడ అమెరికా సంయుక్త రాష్ట్రములే. చిత్తడినేలలలోని గడ్డిజాతులపై జీవించుచుండి, మనుష్యులు వరిని సాగుచేయ నారంభించిన పిమ్మట వరిమడులలో ప్రవేశించినది. విశేష మేమనగా, పైన చెప్పిన రైలీయే తరువాత అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖలో కీటకశాస్త్రజ్ఞుడై యుండగా, 1880 దశకపు ఆరంభమున ఆ శాఖ నివేదికలలో వరి నీటి ముక్కుపురుగు వర్ణనము వెలువడెను. ద్రాక్షపేను రహస్యమును తెలిసికొనిన కన్నే వరిమడిలోని యీ పురుగును కూడ చూచినది.

పెద్దపురుగు చలికాలమున గట్లమీది గడ్డిలోను, రాలిన ఆకులలోను నిద్రించి, వసంతమున మేల్కొని మడులకు ఎగిరివచ్చును. ఆకు పైపొరను గీకి తినును. అందువలన ఆకుమీద ఈనెలకు సమానముగ తెల్లని సన్నని చాఱలు పడును. ఈ చాఱలు చూచి భయపడ నక్కఱలేదు. వీనివలన పైరునకు నష్టము స్వల్పము. కాని అవి శత్రువు వచ్చినట్లు తెలుపు గుర్తులు. అసలు కీడు తరువాత వచ్చును.

మడికి నీరు పెట్టగనే ఆడపురుగు నీటిలో మునిగి, కాండమును చుట్టుకొనియున్న ఆకుతొడుగులో గ్రుడ్లు పెట్టును. సుమారు వారమునకు గ్రుడ్లు పగిలి, తెల్లని పిల్లపురుగులు బయలువెడలి, బురదలోనికి దిగి వేళ్లను చేరును. వీనికి కాళ్లు లేవు. తల మాత్రము గోధుమరంగు. నాలుగు దశలలో పెరిగి, మూడు నాలుగు వారములలో సుమారు 8 మిల్లీమీటర్ల పొడవునకు వచ్చును. ఇవి పేనువలె రసము పీల్చునవి కావు; గట్టి దౌడలతో వేరును కొఱికి తినునవి. తొలిదశలో వేరు లోపల నుండియు, తరువాత వెలుపలనుండియు తినును.

కాళ్లు లేని యీ పిల్లపురుగు గాలి లేని బురదలో ఎట్లు బ్రతుకుచున్నది? దీని కడుపుమీద, రెండవ కణుపు మొదలు ఏడవ కణుపు వఱకు, వీపువైపున జతలు జతలుగ చిన్న కొక్కెములు కలవు. అవి దాని శ్వాసరంధ్రముల రూపాంతరములు. ఆ కొక్కెములను వరివేరులో గ్రుచ్చి, వేరులోని గుల్లలందున్న గాలిని తన వాయునాళములలోనికి తీసికొనును. వరి ఆకులనుండి ఎంతో దూరము మోసికొనివచ్చి తన వేళ్లకు పెట్టుకొను గాలిని ఈ పురుగు దారిలో దోచుకొనుచున్నది. ఒకే వేరు దీనికి అన్నమును పెట్టుచున్నది, ఊపిరిని ఇచ్చుచున్నది. పిదప వేరునకే అంటించి మట్టితో ముద్రవేసిన కోడిగ్రుడ్డు ఆకారపు చిన్న గూడు కట్టుకొని, అందులో నీరు చొరకుండ నుండి, పెద్దపురుగై వెలికి వచ్చును. గ్రుడ్డు మొదలు పెద్దపురుగు వఱకు సుమారు నెలకు పైగా పట్టును.

వేళ్లు తెగిన వరి పిలకలు తక్కువ వేయును, పొట్టిదై పసుపువాఱును, కంకులు ఆలస్యమగును. దుబ్బును పట్టి లాగినచో ప్రయాసములేకయే ఊడివచ్చును. పురుగు ఎక్కువగా నున్నచోట పదింట ఒక వంతును మించి పంట నష్టమగుట కలదు.

ఈ పురుగు ప్రయాణము కూడ గమనింపదగినది. అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఆడవియు మగవియు నుండును. 1950 దశకపు చివర కాలిఫోర్నియాకు చేరినవి మాత్రము ఆడవే. అవి మగవాని యవసరము లేకయే సంతానము పొందుచున్నవి. 1976లో జపానులోని ఐచి మండలమున కనబడినవి ఇట్టి ఆడపురుగులే. అమెరికానుండి దిగుమతియైన ఎండుగడ్డితో వచ్చియుండునని తలంపబడుచున్నది. పదేండ్లలో జపాను దేశమంతట వ్యాపించినది. 1988లో కొరియాలోను, చైనాలోను, 2004లో ఇటలీలోను కనబడెను. ఆడపురుగు ఒక్కటి బ్రతికి దిగినను ఒక క్రొత్త వంశము స్థాపింప గలుగుటయే ఈ విజృంభణమునకు ప్రధానకారణము.

4. పోలికలును భేదములును

చెప్పిన సంగతులను ఒకచోట చేర్చి చూతము.

వంశము: వేరుపేను పేనుబంక జాతికి దగ్గఱిది, ముక్కుపురుగు పెంకుపురుగుల జాతికి చేరినది.

నోరు: పేను సూదితో పీల్చును, ముక్కుపురుగు దౌడలతో కొఱుకును.

వేరుమీద నుండు దశ: పేను పిల్లయు పెద్దయు వేరుమీదనే యుండి పీల్చును. ముక్కుపురుగు పిల్లదశలో మాత్రమే వేరును తినును. పెద్దదై ఆకును గీకును.

గాలి: పేను మట్టిసందులలోని గాలిని పీల్చును, ముక్కుపురుగు పిల్ల వేరులోని గాలిని దొంగిలించును.

నేల: పేను బీటలువాఱు బంకమట్టిలో సులభముగ తిరుగును, ఇసుకనేలలో దానికి దారి దొరకదు. ముక్కుపురుగు పిల్లకు నీరు నిలిచిన మెత్తని బురదయే కావలెను.

కీడు చేయు విధము: పేను చేసిన గాయమున క్రుళ్లు చేరి తీగ కొలది యేండ్లలో చచ్చును. ముక్కుపురుగు వేళ్లను కత్తిరించి ఆ యేటి పంటను తగ్గించును. పైరును సాధారణముగ పూర్తిగ చంపదు.

ఈ భేదములలో గాలిని గూర్చినదే ముఖ్యమైనది. నివారణోపాయములు చాలవఱకు దానినుండియే పుట్టినవి.

5. నీరు పెట్టుటయు, నీరు తీయుటయు

ఫ్రాన్సు ప్రభుత్వమువారు 1870లో 20,000 ఫ్రాంకుల బహుమానమును ప్రకటించి, 1874లో దానిని 3,00,000 ఫ్రాంకులకు హెచ్చించిరి. ఉపాయములు దేశము నలుమూలలనుండి వచ్చి పడెను. వానిలో పెక్కులు పనికిమాలినవి. ఆ బహుమానము తుదకు ఎవరికిని ఇయ్యబడలేదు. పనికివచ్చిన వానిలో నొకటి కార్బన్ బైసల్ఫైడు అను ద్రవమును నేలలోనికి ఎక్కించుట. అది పేలను చంపును. కాని ఖర్చు ఎక్కువ, అగ్నిభయమును కలదు, మోతాదు మించినచో తీగయు చచ్చును.

రెండవ ఉపాయము ప్రోవెన్సులో గ్రావ్‌సోన్ గ్రామమునందలి తోట యజమాని లూయీ ఫోకాన్ చూపినది. అతడు చలికాలమున, ఆకులు రాలి తీగ నిద్రించు వేళ, తోటను సుమారు నలువది దినములు నీటితో ముంచెను. మట్టిసందులలోని గాలి పోయి పేలు చచ్చెను. నిద్రలోనున్న తీగ వేరునకు ఊపిరి యవసరము తక్కువ గనుక అది తట్టుకొనెను. నలువది దినము లేల యనగా, పేను వెంటనే చావదు. చలికి మొద్దుబాఱి చాలకాలము ఓర్చుకొనగలదు. పది దినములకే నీరు తీసినవారికి ఫలము కలుగలేదు. అయినను ఈ ఉపాయము నదీతీరపు పల్లపునేలలకే గాని కొండవాలు తోటలకు చెల్లదు.

మూడవది ఇసుకనేలలో నాటుట. మధ్యధరా సముద్రతీరమున ఎగ్‌మోర్త్ చుట్టుపట్టుల ఇసుకతిన్నెలపై తోటలు పెంచిరి; అచట పేను బ్రతుకజాలదు.

నాలుగవది అన్నిటికంటె స్థిరమైనది. అమెరికా తీగ వేరు పేనును ఓర్చుకొనును. ఐరోపా తీగ మంచి పండునిచ్చును. కాబట్టి అమెరికా తీగను అడుగుమొక్కగా నాటి, దానిమీద ఐరోపా తీగను అంటుకట్టిరి. రోగమును తెచ్చిన దేశమే మందును ఇచ్చినది. అందును చిక్కులు లేకపోలేదు. సున్నపునేలలలో కొన్ని అమెరికా తీగలు పసుపువాఱి చచ్చెను. 1887లో వియాలా అను ఫ్రెంచి పండితుడు అమెరికాకు పోయి, టెక్సాస్‌లో మన్సన్ అను ద్రాక్షశాస్త్రజ్ఞుని సాయముతో సున్నపునేలను ఓర్చు జాతులను గుర్తించెను. నేటికిని లోకమందలి ద్రాక్షతోటలలో అధికభాగము అంటుకట్టినవే.

ఇపుడు వరిమడిని చూడుడు. అచట నీరు పెట్టుట ముక్కుపురుగునకు ఆహ్వానము. గ్రుడ్లు పెట్టుటకు నీట మునిగిన ఆకుతొడుగు కావలెను. పిల్లలకు బురద కావలెను. అందుచేత ఇచట ఉపాయము నీరు తీయుటయే. తొలిసారి నీరు నిలుపుటను కొంత ఆలస్యము చేసినచో, వేళ్లు బలిసిన పిమ్మట పురుగు వచ్చును గనుక నష్టము తగ్గును. నీరు పెట్టిన కొలది వారములకు తీసివేసి, నేల బీటలువాఱునంత ఎండనిచ్చినచో పిల్లపురుగులు చచ్చును. పైపైన ఆరినంత మాత్రమున చాలదు. లోపల తడి యున్నంతవఱకు అవి బ్రతికియే యుండును. అయితే దీనికిని వెల కలదు. నీరు తీసిన మడిలో కలుపు మొలచును. వేసిన ఎరువులోని నత్రజని కొంత వృథాయగును. అగ్గితెగులునకు అవకాశము కలుగును. కాలువలో మరల నీరు రానిచో పైరే చెడును. కాబట్టి నీటి వసతిని, పురుగు సంఖ్యను చూచుకొని ఈ పని చేయవలెను. గట్లమీది గడ్డిని శుభ్రపఱచుటయు మేలు చేయును.

ద్రాక్ష రైతు నలువది దినములు నీరు నిలిపి తోటను రక్షించుకొనెను. వరి రైతు నీరు తీసి మడిని రక్షించుకొనుచున్నాడు. ద్రాక్షతోట వైద్యుడు తన మందునే వరిమడికి చెప్పినచో, శత్రువునకు విందు చేసినవాడగును. రెండును వేరుపురుగులే గదా యని ఒకే ఉపాయమును రెండింటికి వాడరాదు.

6. మనము నేర్వవలసినది

మొదటిది: రోగము కనబడు చోటును, రోగమున్న చోటును వేఱు కావచ్చును. పైన ఆకు చూచుటతోనే తృప్తి పడక, వేరును కూడ చూడవలెను. అందును చచ్చినదానిని మాత్రమే గాక, దాని పక్కనున్న పచ్చని మొక్కను చూడవలెను. ముగ్గురు పరీక్షకులు చేసిన మేలంతయు ఈ చిన్నపనిలోనే యున్నది.

రెండవది: మొక్కలను, వేళ్లనంటిన మట్టిని ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పరీక్ష లేకుండ తెచ్చుట ప్రమాదకరము. ఓడరేవులలోను విమానాశ్రయములలోను మొక్కలను పరీక్షించు అధికారులను చూచి విసుగుకొనువారు కలరు. ఒక గంపెడు వేళ్లతో వచ్చిన పేను ఒక దేశపు తోటలను కూల్చినదని తెలిసినవారు విసుగుకొనరు.

మూడవది: ఒకసారి గెలిచినంత మాత్రమున కావలి మానరాదు. కాలిఫోర్నియాలో అమెరికా తీగకును ఐరోపా తీగకును పుట్టిన సంకరజాతి యొకదానిని అడుగుమొక్కగా విస్తారముగ నాటిరి. అది బాగుగ పెరుగును, పంట నిచ్చును. కాని పేనును ఓర్చు శక్తి దానికి పూర్తిగా లేదని ముందే హెచ్చరించినవారు కలరు. 1980 దశకమున దానిని తినగల పేనుజాతి ప్రబలి, నాపా, సొనోమా ప్రాంతములలో వేలకొలది ఎకరముల తోటలను పెకలించి మరల నాటవలసివచ్చెను. నూఱేండ్ల నాటి పాఠమును కొంత మఱచుటకు చెల్లించిన వెల యిది.

మన దేశమునకు వచ్చినచో, దక్షిణ హిందూదేశపు వరిమడులలో కూడ వేళ్లను తిను వేఱొక ముక్కుపురుగు కలదు; ఎకినోక్నెమస్ ఒరైజే యని దానికి శాస్త్రనామము. దాని పిల్లలును బురదలో నుండి లేతవేళ్లను తినును. కృష్ణా, గోదావరి మండలముల పిల్లలకు వరిమడి పరాయిది కాదు. ఊడ్పులైన కొన్ని వారములకు మడిలో ఒకచోట పైరు పసుపువాఱి ఎదుగక నిలిచిపోయినచో, పెద్దల యనుమతితో ఒక దుబ్బును మట్టితోసహా పెకలించి, తొట్టిలో నీరు పోసి మెల్లగ కడుగవలెను. పురుగులున్నచో నీటిలో తేలియో అడుగునకు దిగియో కనబడును. పక్కనున్న పచ్చని దుబ్బును కూడ అట్లే చూచి, రెండింటి వేళ్లను పోల్చవలెను. వేళ్లు తెగియున్నవా, క్రుళ్లియున్నవా, పురుగులెన్ని యని పుస్తకమున వ్రాసికొనవలెను. ఆకు పసుపువాఱుటకు ఎరువు చాలకపోవుట మొదలైన కారణములును కలవు గనుక, చూడక ముందే తీర్పు చెప్పరాదు. పురుగు కనబడినచో వ్యవసాయశాఖ ఉద్యోగికి చూపి, ఆయన సలహా పొందిన పిమ్మటనే మందు గాని, నీరు తీయుట గాని చేయించవలెను.

తల్లిదండ్రులకును ఒక మనవి. పిల్లవాడు బురదచేతులతో వేళ్లను పట్టుకొని యింటికి వచ్చినచో కోపింపకుడు. ఒక రైతు కుటుంబము సంవత్సరమంతయు తిను అన్నము ఆ వేళ్లమీద నిలిచియున్నది. దానిని చూచుట నేర్చిన కన్ను ఆ యింటికి ఉపకరించును.

ప్రశ్నలు

1. నీరు నిలిచిన మడిలో వరి వేళ్లకు గాలి ఎట్లు చేరును? మిరపమొక్క అట్టి మడిలో ఏల బ్రతుకదు?

2. చచ్చిన ద్రాక్షతీగ వేళ్లపై పేలు ఏల కనబడలేదు?

3. అమెరికా ద్రాక్షవేరు పేనును ఎట్లు ఓర్చుకొనును?

4. ముక్కుపురుగు పిల్లకు వీపుమీది కొక్కెములు ఎందుకు ఉపయోగపడును?

5. ద్రాక్షతోటను చలికాలముననే ముంచుటకును, పది దినములు చాలకుండుటకును కారణములు వ్రాయుము.

6. వరిమడిలో నీరు తీయుటవలన కలుగు లాభమును, నష్టములను పోల్చుము. మీ ఊరి కాలువనీటి వసతిని బట్టి ఆ ఉపాయము మీ మడికి తగునో తగదో కారణములతో తెలుపుము.